జమాల్ బాషా పది బంతులు

కర్నూలులో పరుపులు కుట్టే జమాల్ బాషాకు ముప్పై అయిదో ఏట బాస్కెట్‌బాల్ పిచ్చి పట్టింది. ఆ వయసులో మనుషులకు మోకాళ్ల నొప్పులు పట్టడం మామూలు. తనకు ఇది పట్టినందుకు అందరికంటే ముందు ఆయనే నవ్వుకునేవాడు.

అది 1938. మిషన్ హైస్కూలు డ్రిల్లు మాస్టరు దావీదురాజుకు పరుపు ఇవ్వడానికి వెళ్లి, మైదానంలో ఊరి జట్టు వాళ్లు ఇనుప వలయంలోకి బంతి వేయడం చూశాడు. సరదాకి ఒకటి అడిగి వేశాడు. పడింది. ఆ ఒక్క బంతే ఆయన కొంప ముంచింది.

“కాళ్లు నేల వదలగూడదు. మోచెయ్యి బంతి కిందే ఉండాల. మణికట్టు ప్రతిసారీ ఒకే మాదిరి వంగాల,” అన్నాడు దావీదురాజు. “ఎంపిక నాడు పదింటికి ఆరు పడితే కడపలో ఆటకు నిన్నూ పిలుచుకొని పోతా.”

దూదేకుల ఇంట పుట్టినవాడు జమాల్ బాషా. దూది ఏకే వింటినారి మీద ఒకే దెబ్బ రోజుకు వేలసార్లు కొట్టే చెయ్యి. ఒకే మాదిరి చేయడం తనకొకరు నేర్పాలా అనుకున్నాడు. అడుగు కోసేసిన గంపను పెరటి గోడకు బిగించాడు. ఎత్తు మాస్టరు చెప్పిందే: ఆరు మూరల మీద జానెడు, నాలుగు వేళ్లు. పరుపులు కొలిచినట్టే తన చేత్తో కొలిచాడు. మాస్టరు ఇచ్చిన పాత బంతితో మూడు నెలలు తంటాలు పడి, పదికి పదీ వేసే స్థితికొచ్చాడు. కడప ప్రయాణం గురించి కొన్నవాళ్లకూ కొననివాళ్లకూ చెప్పాడు.

ఎంపికకు పది రోజుల ముందు, తన ప్రతాపం చూపిద్దామని మైదానానికి వెళ్లాడు. ఒక్కటీ పడలేదు. ప్రతి బంతీ వలయానికి అడుగు కింద గాలిలో పోయింది.

“గాలి శానా ఉండాది ఈ పొద్దు,” అన్నాడు ఇంటికొచ్చి.

“గాలా? నీ చెయ్యే కురచ గదయ్యా!” అంది భార్య ఫాతిమా బీ. “పరుపు చాలక కాళ్లు బయటికొస్తాండాయని కోడుమూరోళ్లు ఎన్నిసార్లు తిరిగొచ్చినారు?”

పదిహేనేళ్లుగా ఆయన కోడుమూరు వాళ్ల కాళ్లే పొడుగని వాదిస్తున్నాడు. ఊరు ఊరంతటికీ కాళ్లెలా పొడుగవుతాయని ఒక్కనాడూ అనుమానం రాలేదు. సిగ్గుతో చితికిపోయాడు.

దర్జీ దగ్గర టేపు తెచ్చి గంపను పైకి జరిపాడు. మూడు నెలల అలవాటు మాత్రం జరగలేదు. బలంగా విసిరితే గురి తప్పేది, గురి చూస్తే అందేది కాదు. విసుగెత్తి ఒకసారి ఎగిరి వేశాడు. పడింది. మళ్లీ ఎగిరాడు. పైన ఒక్క రెప్పపాటు నిలిచినప్పుడు వదిలితే, మోచెయ్యీ మణికట్టూ పాత అలవాటుతోనే పనిచేశాయి. వారం తిరిగేసరికి పదికి తొమ్మిది పడుతున్నాయి.

అది చూసి ఫాతిమా బీ కడుపు పట్టుకుని నవ్వింది. “మిడత మాదిరి ఎగరతాండావు! ఈ వయసులో!”

ఆ మాట ఆయన మనసులో ముల్లులా దిగింది.

ఎంపిక నాడు జట్టు వాళ్లంతా చూస్తుండగా జమాల్ బాషా బుద్ధిగా నేల మీద నిలబడి వేశాడు. అందలేదు. రెండోది, మూడోది, నాలుగోది, అయిదోదీ అందలేదు. ఇక పోయేదేముందని ఆరోదానికి ఎగిరాడు. పడింది. ఎగిరి వేసిన అయిదూ పడ్డాయి.

కావలసింది ఆరు. కడప బండిలో చోటు ఆరు బంతులు వేసిన మారెన్నకు దక్కింది.

దావీదురాజు ఆయన పక్కన కూర్చున్నాడు. “కాళ్లు లేపొద్దని నేనే చెప్పినా గానీ, ఎగిరితే పడతాదని నీకు ముందే తెలుసు గదా. మొదట్నుంచీ ఎందుకు ఎగరలేదప్పా?”

జమాల్ బాషాకు ఏడుపొచ్చింది. “అందరూ నగుతారని, సార్.”

మాస్టరు జట్టు వైపు చూసి, మెల్లగా అన్నాడు. “నువ్వు నిలబడి ఏసేటప్పుడే నగినారు గదప్పా. ఎగిరినాక ఒక్కడూ నగలేదు.”