నా తొంభై ఆరు మార్కుల ఫ్రెంచ్

నా వల్ల మేడ్చల్‌లో ఒక్కరోజే ముప్ఫై ఇద్దరు పసిపిల్లలకు పెళ్లిళ్లయిపోయాయి. పోలీసులు రాలేదు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. డిగ్రీ పట్టా పట్టుకుని మా ఊరు గౌడవెల్లిలో ఖాళీగా కూర్చున్నాను. మేడ్చల్‌లో ఒక ప్రైవేటు బడి కరస్పాండెంట్ సారు, అంతకుముందు ప్లాట్లు అమ్మినాయన, ‘మూడో తరగతి నుంచే ఫ్రెంచ్’ అని కరపత్రాలు పంచేశారు. పంచిన తర్వాత ఫ్రెంచ్ వచ్చిన మనిషి కోసం వెతకడం మొదలుపెట్టారు. ప్లాటు అమ్మేశాక దానికి రోడ్డు వెతికిన అలవాటు మరి.

నా ఇంటర్ మెమోలో ఫ్రెంచ్‌కు తొంభై ఆరు మార్కులున్నాయి. ఇంటర్‌లో ఫ్రెంచ్ ఎందుకు తీసుకుంటారో తెలిసినవాళ్లు ఇక్కడే నవ్వేసుకోండి. తెలియనివాళ్లకు చెబుతాను. తెలుగు తీసుకుంటే తెలుగు రావాలి. ఫ్రెంచ్ తీసుకుంటే గైడు ఉంటే చాలు. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షమంటారు. నేను ఆముదం గింజను కూడా కాను, అయినా నీడనిస్తానని ఒప్పేసుకున్నాను.

“పేరెంట్స్ డే నాడు పిల్లలు స్టేజి మీద ఫ్రెంచ్ మాట్లాడాలె మేడం. మాట్లాడితే నౌకరి పక్కా. లేకుంటే మీ తొవ్వ మీది,” అన్నారు సారు.

మా నాయిన అప్పటికే “మా రేణుక ఫ్రెంచ్ మేడం అయింది” అని అత్వెల్లి దాకా చాటేశాడు. ఉద్యోగం పోతే ఆయన నలుగురిలో తలెత్తుకోలేడు. నాకు నిజంగానే భయమేసింది.

భయానికి నాకు తెలిసిన మందు ఒక్కటే, బట్టీ. గైడులో మొదటి ప్రశ్నకు జవాబు, ఐదు మార్కులది, తెలుగు అక్షరాల్లో బోర్డు మీద రాశాను. నేనొక ముక్క అంటే ముప్ఫై రెండు గొంతులు తిరిగి అనేవి. వారంలో ఎక్కాల్లా పట్టేశారు.

లావణ్య అనే పిల్ల మాత్రం లేచి నిలబడింది. “టీచర్, గిదాని అర్థమేంది?”

“సెల్ఫ్ ఇంట్రడక్షన్. కూసో.”

నాకు తెలిసింది కూడా అంతే. అర్థం గైడులో తర్వాతి పేజీలో ఉండేది. దానికి మార్కులు లేవు కాబట్టి ఆ పేజీ నేనెన్నడూ తిప్పలేదు.

పేరెంట్స్ డే వచ్చింది. బహదూర్‌పల్లిలో కూతురింటికి వచ్చిన ఒక పెద్దావిడను ముఖ్య అతిథిగా పిలిచారు. యానాంలో జీవితమంతా ఫ్రెంచ్ పాఠాలు చెప్పి రిటైరయ్యారట. ఆ సంగతి నాకు మైకులో చెప్పినప్పుడే తెలిసింది. కుర్చీ గట్టిగా పట్టుకున్నాను.

ఆవిడ స్టేజి మీద నిలబడ్డ లావణ్యను దగ్గరకు తీసుకుని ఫ్రెంచ్‌లో పేరడిగారు. లావణ్య గడగడా అప్పజెప్పింది. ఆవిడ పక్క పిల్లాణ్ని అడిగారు. వాడూ అదే అప్పజెప్పాడు. ఆరో పిల్ల అయ్యాక నావైపు తిరిగారు.

“ఏమ్మా, వీళ్లందరి పేరూ పియెరేనా?”

నేను తలూపాను. నిలువుగా ఊపానో అడ్డంగా ఊపానో నాకే తెలియదు.

ఆవిడ మైకు అందుకున్నారు. “ఈ పాప ఏమందో చెప్తానండీ. నా పేరు పియెర్, నాకు నలభై ఏళ్లు, నేను డాక్టర్ని, నాకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు అందండీ. మిగతావాళ్లదీ అదే సంసారం.”

లావణ్య వాళ్ల అవ్వ లేచి నిలబడింది. “నా మనుమరాలికి లగ్గమెప్పుడైంది బిడ్డా? మాకు సెప్పనే లేదు.”

లావణ్య నావైపే చూస్తోంది. అది అడిగిననాడే ఆ పేజీ తిప్పి ఉండాల్సింది. సిగ్గుతో చచ్చిపోయాను.

అంతలో సారు మైకు లాక్కున్నారు. “ఇన్నరా? డాక్టర్ అన్నది పాప. మా బడిల మూడో తరగతికే డాక్టర్ అని ఫ్రెంచ్ల చెప్తున్నరు. ఇంకేం కావాలె?”

హాలు చప్పట్లతో మోగింది. “డాక్టరైతే మంచిదే తియ్,” అని అవ్వ కూడా చప్పట్లు కొట్టింది.

అలా నా ఉద్యోగం పక్కా అయింది. సారు నన్ను పక్కకు పిలిచారు. “మస్తు జేసిన్రు మేడం. వచ్చే ఏడు జర్మన్ గూడ పెడుతున్న. కరపత్రాలు అచ్చుకు పోయినయ్. మీరే చెప్పాలె.”

“సార్, నాకు జర్మన్ రాదు.”

“ఫ్రెంచ్ మాత్రం వచ్చిందా?” అన్నారు సారు.

ఆ సాయంత్రమే గండిమైసమ్మకు మొక్కి రెండు ఒట్లు పెట్టుకున్నాను. అర్థం తెలియని మాట ఏ పసినోటా పెట్టనని ఒకటి, జర్మనీ ఉన్న దిక్కుకు తిరిగి అన్నం కూడా తిననని రెండోది. జర్మనీ ఏ దిక్కున ఉందో తెలియక ఆ రెండోదాంతోనే కొంచెం ఇబ్బందిగా ఉంది.