మిట్ట మీది ఊరు

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ ఇటలీ అక్క అంటారు. వెక్కిరింపుగా పెట్టిన పేరే. ఎన్ని ఉతుకులు పడినా పోని మరకలా నిలిచిపోయింది.

ఆమెకు మొదట్లో ఇటలీ మీద ప్రేమేమీ లేదు. యూనివర్సిటీ పనివాళ్ల కోసం సాయంత్రపు తరగతులు పెట్టినప్పుడు, డ్యూటీ దిగే వేళకు సీటు మిగిలింది ఆ ఒక్క భాషలోనే. "ఏదో ఒకటి చదువుదామని పోయా. అది నన్ను పట్టుకుని వదల్లా" అంటుంది.

పై తరగతికి వచ్చేసరికి భాషతోపాటు అక్కడి మనుషుల బతుకూ పాఠమే. ఆ తరగతి మేడమ్‌ది ఓ పద్ధతి. ఒక్కొక్కరికి ఒక్కో ఊరు ఇస్తుంది. మ్యాపు చూసి, ఆ ఊరి వార్తలు చదివి, అక్కడే కాపురం ఉంటున్నట్టు ఆ భాషలో మాట్లాడాలి. రొట్టె ఎక్కడ కొంటావు, ఎదురింటావిడతో తగవెందుకొచ్చింది, అన్నీ చెప్పాలి. అక్క వంతుకు సముద్రం పక్కన ఓ చిన్న ఊరు వచ్చింది.

ఆ ఊరు మెల్లగా లాండ్రీలోకీ వచ్చేసింది.

"ఇవాళ మా ఊళ్లో వాన" అనేది అక్క, వేడి దుప్పట్లు మడతపెడుతూ.

"మీ రొట్టెలాయన కొట్టు తీశాడా?" అని అడిగేది చిరిగిన గౌన్లు కుట్టే పిన్ని.

"ఆదివారం కదా పిన్నీ, మూసేశాడు."

"పెట్టి పుట్టాడమ్మా! మనకెప్పుడొస్తుందే ఆ ఆదివారం?"

ఆ ఊళ్లో దారి లాండ్రీలో అందరికీ కంఠతా వచ్చు. రైలు దిగి, నిమ్మకాయల కొట్టు పక్కనుంచి తిన్నగా పోతే చర్చి ముందు కూడలి. "కబుర్లాడుకుంటూ పోవచ్చు, అలుపే ఉండదు" అనేది అక్క, రోజూ నడిచినదానిలా.

ఏడాది చివర తరగతిలో ఒకరిని ఒక సెమిస్టరు ఇటలీ పంపుతారు. తానూ పోదామని అక్క సెలవు అడిగితే సూపర్‌వైజరు నవ్వాడు.

"దుప్పట్లు ఏ భాషలో మాస్తున్నాయమ్మా, నీకు ఇటాలియన్ కావాల్సొచ్చింది?"

పిన్ని ఊరుకోలేదు. "పొద్దస్తమానం క్రికెట్టు చూస్తారు కదా సార్, మీకేమన్నా దుప్పట్లు బౌలింగ్ వేస్తున్నాయా?"

అక్క డ్యూటీలు తలా కాస్త పంచుకుంటామని లాండ్రీ అంతా ఒక్కమాట మీద నిలబడింది. సూపర్‌వైజరు సెలవు ఇవ్వక తప్పలేదు.

అడ్డం పడింది యూనివర్సిటీ. వెళ్లేవాళ్లకు వయోపరిమితి ఉందట. అక్క దాన్ని ఎప్పుడో దాటేసింది. 'చదువుకు వయసు లేదు' అని గోడ మీద పెద్దక్షరాలతో రాయించుకున్న భవనంలోనే ఆ మాట చెప్పి పంపారు. బడికి పోవాల్సిన వయసులో ఆమె పనికి పోయింది. సరదాకి పోలేదు. ఆ ఆలస్యానికి శిక్ష కూడా ఆమెకేనా? ఇలాంటి నిబంధన రాసేవాడు ఎవరి బాల్యాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తాడు?

అక్కతో చదివే అమ్మాయి వెళ్లింది. చిన్నదని పిలుస్తుంది అక్క. వెళ్లింది వేరే నగరానికే అయినా, ఓ సెలవు రోజున రైలెక్కి అక్క ఊళ్లో దిగి వీడియో కాల్ చేసింది. లాండ్రీలో భోజనాల వేళ. అందరూ ఫోను చుట్టూ మూగారు.

"ఎడమ పక్క నిమ్మకాయల కొట్టుందా?"

"ఉందక్కా!"

పిన్ని చప్పట్లు కొట్టింది.

"ఇంక తిన్నగా పో. ఎంతో దూరం లేదు."

కాసేపటికి ఫోను ఊగడం మొదలైంది. చిన్నది రొప్పుతోంది.

"ఏమైందే? కుక్క తరుముతోందా?"

"అక్కా... మెట్లు! తిన్నగా ఏంటి, ఇది నిట్టనిలువుగా ఉంది. నువ్వెప్పుడూ చెప్పలేదే!"

అక్క చూసిన మ్యాపులో దారి ఒక గీత. గీతకు ఎత్తుపల్లాలు తెలియవు.

"ఇన్నాళ్లు కాపురం చేసి వాకిట్లో మెట్లున్నాయని తెలీదుటే!" అంది పిన్ని. అందరూ పడీపడీ నవ్వారు. అక్కా నవ్వింది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది.

"మాట్లాడకే చిన్నదానా. అలాగే ఎక్కు" అని ఫోను చెవికి ఆనించుకుంది. అడుగుల చప్పుడు, ఆయాసం. తన ఊరి దారి ఎంత అలుపో ఆమెకు మొదటిసారి తెలుస్తోంది, ఇంకొకరి ఊపిరిలో.

"వచ్చేశానక్కా! ఇదే కూడలి. ఫోను చూడు!"

"చూపించొద్దే" అంది అక్క, ఫోను చెవి దగ్గర్నుంచి తీయకుండానే. "అది నేనొచ్చి చూస్తా."

మర్నాడు వయోపరిమితి ఎత్తేయాలని అర్జీ రాసింది. లాండ్రీలో అందరూ సంతకాలు పెట్టారు. యూనివర్సిటీ నుంచి ఇంకా జవాబు లేదు. అక్క ఊరుకునేలా లేదు, వారంవారం పోయి అడుగుతోంది.

ఈ మధ్య ఉతికిన దుప్పట్ల మూట నెత్తిన పెట్టుకుని, పై వార్డులకు మెట్ల మీదుగా వెళుతోంది.

"లిఫ్టుండగా ఇదేం ఖర్మే?" అని కేకేసింది పిన్ని.

మలుపు దగ్గర ఆగి, రొప్పుతూ చెప్పింది అక్క:

"మా ఊరు మిట్ట మీద కదా పిన్నీ. అలవాటు చేసుకోవద్దూ?"