అప్పగింతల డిస్కూ, అరిగిపోని నా ముఖమూ

నా ముఖాన్ని నేనే మాయం చేయబోయి, తార్నాక నుంచి లాలాగూడ దాకా ఇంటింటికీ పంచిపెట్టిన కథ ఇది. చదివి హాయిగా నవ్వుకోండి, నేనేమీ అనుకోను. అప్పట్లో నన్ను చూసి నవ్వనివాళ్ళెవరు గనక!

అప్పుడు యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతున్నాను. ఇల్లు తార్నాకలోనే, క్యాంపస్‌కి నడిచి వెళ్ళేంత దూరం. డీవీడీల రోజులు. మా అక్క పెళ్ళి వీడియో కూడా డీవీడీలోనే వచ్చింది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. ముహూర్తం బాగుంది, తలంబ్రాలు బాగున్నాయి. అప్పగింతలు వచ్చేసరికి నా గుండె జారిపోయింది.

అప్పగింతల్లో అక్క ఏడవలేదు. నేను ఏడ్చాను. మామూలుగా కాదు. కారు తలుపు పట్టుకుని, కారుతున్న ముక్కు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు "ఊరుకో బాబూ, వారంలో పంపిస్తాంగా" అని బతిమాలేలా ఏడ్చాను. ఏం చెయ్యను! చిన్నప్పట్నుంచీ నా తప్పులన్నీ నాన్నకి తెలియకుండా కప్పిపెట్టిన మనిషి అక్క. ఆమె కారెక్కగానే, ఇక ఇంట్లో నా తరఫున మాట్లాడేవాళ్ళు లేరని దిగులు ముంచుకొచ్చింది. వీడియో తీసినాయన ఊరుకున్నాడా? నా ముఖాన్ని దగ్గరగా పట్టి, గులాబీ పువ్వులో బిగించి, గిరగిరా తిప్పి, పైనుంచి రేకులు రాల్చి, వెనకాల ఏడుపు సన్నాయి పెట్టాడు.

ఇది మా ఇంటివరకే ఉంటే ఏ గొడవా లేదు. కానీ మా క్లాసులో సునీత ఉంది. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ అమ్మాయి. ఆమె అంటే నాకు చచ్చేంత ఇష్టం. ఆమె ముందు నేను నల్ల కళ్ళద్దాల గట్టి మనిషిని. "పుట్టినప్పుడు తప్ప నేను మళ్ళీ ఏడవలేదు" అని క్యాంటీన్‌లో అందరూ వింటుండగా ప్రకటించి ఉన్నాను.

సునీత వాళ్ళమ్మకీ మా అమ్మకీ కూరగాయల మార్కెట్లో స్నేహం కుదిరింది. ఒకరోజు అమ్మ అంది: "ఒరేయ్, సునీత వాళ్ళమ్మగారు అక్క పెళ్ళి వీడియో చూస్తామంటున్నారు. ఒక కాపీ తీయించుకురా."

"అది గీతలు పడిపోయిందమ్మా."

"రాత్రేగా చూశాం! వెళ్ళిరా."

అప్పుడు వెలిగింది నా బుర్ర. క్యాంపస్‌లో చదివేవాడికి జిరాక్స్ సంగతి ఒకరు చెప్పాలా? సీనియర్ల నోట్సుకి జిరాక్స్, దానికి మళ్ళీ జిరాక్స్, ఇలా మా చేతికొచ్చేసరికి అక్షరాలన్నీ బూడిద మచ్చలయ్యేవి. పాటల క్యాసెట్లూ అంతే, కాపీకి కాపీ కొడితే గాయకుడికి జలుబు చేసేది. డిస్కు మాత్రం ఆకాశం నుంచి దిగొచ్చిందా? కాపీకి కాపీ, దానికి కాపీ తీసుకుంటూ పోతే, చివరికి గులాబీలో ఏదో మచ్చ ఏడుస్తున్నట్టుంటుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

హాస్టల్లో నా స్నేహితుడు యాదగిరి గదిలో కంప్యూటర్ ఉంది. అక్కడికి పరిగెత్తాను. ఒక కాపీ తీశాడు.

"ఇప్పుడు ఒరిజినల్ పక్కన పెట్టి, ఈ కాపీకి కాపీ తియ్యరా."

"అట్లెందుకుర? ఒరిజినల్ చేతిలనే ఉన్నది గద."

"బ్యాకప్."

"మరి ఇదేంది?"

"అది బ్యాకప్. దానికీ బ్యాకప్. ఆ బ్యాకప్‌కీ బ్యాకప్."

యాదగిరి నన్ను ఎగాదిగా చూసి, "అక్క మీద మస్తు ప్రేమ ఉన్నట్టున్నదిర నీకు" అని పనిలో పడ్డాడు. సాయంత్రానికి డిస్కుల దొంతర తయారైంది. అన్నిటికన్నా చివరిది సునీత వాళ్ళకి. మిగతావి పారేద్దామనుకునేలోపు అమ్మ చూసేసింది. "నా బంగారుకొండ, అందరికీ తీయించావా!" అని మెట్టుగూడ పిన్నికీ అంబర్‌పేట్ బాబాయికీ పంపేసింది. పోనీలే, చుట్టాలేగా అనుకున్నాను.

చివరి డిస్కు ఒకసారి వేసి చూసుకోవచ్చుగా అంటారా? అంత జాగ్రత్త ఉన్నవాణ్ణయితే ఈ కథ మీకెలా దొరికేది?

ఆదివారం సునీత వాళ్ళింట్లో చాయ్, సమోసాలు, టీవీ. ముహూర్తం అద్దంలా కనిపించింది. మసక మెల్లగా మొదలవుతుందిలే అని ధైర్యం చెప్పుకున్నాను. తలంబ్రాలు ఇంకా అద్దంలా కనిపించాయి. కొరకబోయిన సమోసా ప్లేట్లో పెట్టేశాను. అప్పగింతల్లో గులాబీ విచ్చుకుంది. నా ముక్కు కింద తడి కూడా తళతళా మెరిసింది.

"అయ్యో, గీ పిలగాడెవరు వదినా, గంతగనం ఏడుస్తుండు?" అంది సునీత వాళ్ళమ్మ.

"మావాడేనండీ, వీడే!" అంది అమ్మ గర్వంగా.

సునీత నావైపు తిరిగింది. "పుట్టినప్పుడు తప్ప ఏడ్వలేదంటివి గద?"

"ఏడుపు కాదు. పొగ. హోమం పొగ కళ్ళలోకి వెళ్ళి..."

"కారు కాడ హోమం ఏంది?"

వాళ్ళమ్మ రిమోట్ సునీత చేతికిచ్చి, "మళ్ళొక్కసారి పెట్టు బిడ్డా, మంచిగున్నది" అంది.

మర్నాడు యాదగిరి మీద విరుచుకుపడితే, వాడు మంచం మీద దొర్లి దొర్లి నవ్వాడు. "అరె పిచ్చోడ, డిస్కుల ఉండేది అంకెలుర. కంప్యూటర్ అవి చూసి మళ్ల అవే అంకెలు రాస్తది. నా ఫోన్ నంబర్ నువ్వొకనికి చెప్పి, ఆడింకొకనికి చెప్తే నంబర్ మసకైతదా?"

"ముందే చెప్పొచ్చుగా!"

"నువ్వు బ్యాకప్ అంటివి. గింత గట్టి బ్యాకప్ ఈ హాస్టల్ల ఎవ్వనికి లేదు."

కొన్నాళ్ళు లైబ్రరీలో బీరువాల వెనక బతికాను. సునీత అక్కడికే వచ్చింది. "ఎందుకు దాక్కుంటున్నవ్? అక్క కోసం గంత ఏడ్చినవంటే మంచోనివే. ఆ కళ్ళద్దాలే బాగలేవు, తీసెయ్" అంది. తీసేశాను. తర్వాత మా పెళ్ళయింది. మా అప్పగింతల్లో ఎవరు ఏడ్చారో మీరు అడగొద్దు.

మొన్న మా అమ్మాయి ఆ గులాబీ ముక్కని ఫోన్‌లోకెక్కించి చుట్టాల గ్రూపులో పెట్టింది. అది చేతులు మారి మారి తిరిగి నాకే వచ్చేసరికి, ఆశ్చర్యం, ముఖం మసకమసకగా ఉంది! పంపినప్పుడల్లా ఫోన్లు దాన్ని కుదించి పంపుతాయట. డిస్కులతో నేను సాధించలేనిది ఇన్నేళ్ళకి దానంతటదే జరిగింది. సంబరంగా సునీతకి చూపించాను.

"అవును, సాఫ్ లేదు" అని ఆమె బీరువా తెరిచి, చేతిరుమాల్లో చుట్టిన డిస్కు తీసి మా అమ్మాయికిచ్చింది. "గిది పెట్టు బిడ్డా. మీ నాయిన ఇచ్చిన లాస్ట్ కాపీ. మంచిగ కనిపిస్తది."

కనుక ఆ గులాబీ రేకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక దేనికీ కాపీ తియ్యను. రేపు మా అమ్మాయి అప్పగింతలప్పుడు, ముందు వీడియో తీసేవాణ్ణి గదిలో పెట్టి తాళం వేసి, ఆ తర్వాతే ఏడుస్తాను.