పిన్ను పెట్టిన పేజీలు

విరుదునగర్ పక్క పల్లెలో, తల్లులు టపాసుల ఫ్యాక్టరీ నుంచి తిరిగొచ్చేదాకా పిల్లలకు కథలు చదివి వినిపించే వీరమ్మాళ్‌కు ఒక అలవాటుంది. ముందు తను చదివి, ఎవరైనా చచ్చిపోయే పేజీలను జడపిన్నుతో మూసేస్తుంది. ఫ్యాక్టరీ వైపు నుంచి ఏ చిన్న చప్పుడొచ్చినా చదవడం ఆపి అటే చూస్తుంది. ఆవేళ ఆ పిల్లల్లో పాండిసెల్వి అనే పిల్ల ఒక పిన్ను లాగేసింది. ఆ పేజీ కథలో తిండిపోతు అవ్వ ఉబ్బి ఉబ్బి ఢామ్మని పేలిపోతుంది. కట్టుడుపళ్లు మాత్రం వేపకొమ్మకు వేలాడుతుంటాయి. పిల్లలు పడీపడీ నవ్వారు. వీరమ్మాళ్ పుస్తకం మూయబోతూ అడిగింది.

"మీకు బయం లేదా?"

"ఉండాది అక్కా. దినమూ ఉండాది," అంటూ పాండిసెల్వి పేజీ వెనక్కి తిప్పింది. "ఇందులో అయితే, సూడు, ఇట్ల తిప్పితే అవ్వ మళ్లా వచ్చేస్తాది."