పదిహేనా, పదిహేడా

ఆ రోజుల్ల ప్రైవేటు బడి సారుకు పిల్లనిచ్చేటోళ్లే తక్కువ. అందుల సోషల్ సారంటే ఇంకింత అలుసు. లెక్కల సారుకు ట్యూషన్లన్న ఉంటయి, అక్బర్ తాత పేరు నేర్చుకోనికి ట్యూషన్ ఎవలు పెట్టుకుంటరు? అయినా కరీంనగర్ల నాకు తారీఖుల సారని పేరుండె. నిద్రల లేపి అడిగినా ప్లాసీ, పానిపట్టు గడగడ చెప్పేటోణ్ని. (మా అవ్వ పుట్టిన తారీఖు మాత్రం తెల్వది. ఆమెకూ తెల్వది.)

అసుంటి నాకు బెల్లంపల్లి నుంచి సంబంధం వచ్చింది. బాపు, మేనమామ, నేను బస్సుల పోయినం. పిల్ల తండ్రి బొగ్గుబాయిల చేసి రిటైరైనాయన. పిల్ల సర్కారు నౌకరి పరీక్షలకు చదువుతున్నది. చాయ్ ఇచ్చి, నా దిక్కు సూటిగ చూసి, "చక్కెర సరిపోయిందా?" అనడిగింది. చక్కెర వెయ్యనే మర్చిపోయింది. "మస్తుంది" అన్న. తన గ్లాసు నోట్ల పెట్టుకున్నంక సమజై, కొంగు అడ్డం పెట్టుకోని నవ్వింది. గంతే, నా మనసు ఆ ఇంట్లనే కూసున్నది.

మూలకు మంచం మీద పిల్ల తాత పండుకోని ఉండె. "హిస్టరీ సారట గద? మన హైదరాబాద్ సంస్థానం ఇండియాల ఎన్నడు కలిసింది, చెప్పు బిడ్డా" అన్నడు. ఏటేటా పిల్లలకు చెప్పే ముచ్చటే. కని ఆమె ఎదురుంగ నిలవడ్డది. నా నెత్తిలకెళ్లి తారీఖులన్ని లేచిపోయినయి. నా తిప్పలు చూసి ఆమె తలుపు చాటుకు పోయి, సప్పుడు లేకుంట పెదాలతోని అందియ్యవట్టింది: పది... హే... ఆఖరు అక్షరం నాకు 'ను' లెక్క కనవడ్డది. "ఆగస్టు పదిహేను, నలభై ఏడు!" అన్న, గొంతు పెద్దగ చేసి. ఆమె నెత్తి పట్టుకున్నది.

తాత లేచి కూసున్నడు. "మరి గా తర్వాత ఏడాది పొడుగూత మా అన్న అడవిల ఎందుకు దాగిండు? రజాకార్లు మా ఇల్లెందుకు కాలవెట్టిండ్రు? నువ్వన్నదే నిజమైతే ఆయన బతికే ఉండేటోడు." మా మేనమామ సర్దబోయి, "పోరడు జర పరేషానయిండు పెద్దయ్యా, పెద్ద పెద్ద తారీఖులు మంచిగ చెప్తడు" అన్నడు. "గిది చిన్నదా?" అని తాత గోడ దిక్కు తిరిగిండు.

వాపస్ వచ్చేటప్పుడు బాపు ఒక్కటే మాటన్నడు. "నలభై ఎనిమిది సెప్టెంబర్ పదిహేడు నాకు సుత తెలుసు గదరా." సిగ్గుతోని నేను మళ్ల ఆ సంబంధం ఊసెత్తలే. అటునుంచి కబురు రాలే; కోపమున్నట్టే అనుకున్న. ఇగ నాకు వేరే పెండ్లయింది, ఆదిలాబాద్ దిక్కు సర్కారు బడిల నౌకరైంది.

మొన్న ఎన్నికల డ్యూటీకి ఉట్నూర్ పోతే, సామాన్లు పంచేకాడ ఆఫీసరు కుర్చీల ఆ బెల్లంపల్లి ఆమెనే. నన్ను గుర్తువట్టి చాయ్ తెప్పిచ్చింది. "తాత కోపం తెల్లారికే చల్లవడ్డది సార్. పిలగాన్ని మళ్ల రమ్మనుండ్రి, ముచ్చటంత నేనే చెప్త అన్నడు. మొగపిల్లగాని దిక్కు నుంచే కబురు రావాలె గదా అని బాపు ఆగిండు. శాన దినాలు చూసినం" అన్నది. తాత ఎప్పుడో పోయిండట.

"అడవిల దాగిన ఆయన పేరేంది?" అనడిగిన.

"పెద్దతాత అనేటోళ్లం సార్. పేరు నేనూ ఎన్నడు అడుగలే" అన్నది.

నన్ను బూతుకు తీస్కపోయే జీపు హారన్ కొట్టవట్టె. ఇద్దరం నవ్వినం గని, ఆ నవ్వు శానసేపు నిలవలే. జీపు అద్దంల నెరిసిన మీసాల సారు ఒకడు కనవడ్డడు. పాపం, తారీఖులన్ని మంచిగనే చెప్తడు.