ముందు ఎడమ చక్రం

దయ్యాల కథలు చెప్పేవాళ్ల దగ్గర నేను ఎక్కువసేపు కూర్చోను. లారీ తోలేవాడికి ఆ భయం ఉంటే బతుకు సాగదు. శ్మశానం గోడ పక్కన బండి నిలిపి, క్యాబిన్‌లో దుప్పటి కప్పుకొని హాయిగా నిద్రపోయినవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది కూడా దయ్యం సంగతని నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది మదనపల్లె. పశువుల దాణా మూటలు వేసుకొని పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయి రావడం నా పని. మా బండి టైర్లలో సెన్సార్లు ఉన్నాయి, ఏ టైరులో గాలి ఎంత ఉందో చూపే చిన్న స్క్రీను ఉంది. గాలి తగ్గితే ఆ టైరు బొమ్మ దగ్గర పసుపు లైటు వెలుగుతుంది.

చలికాలం పొద్దున్నే ఆ లైటు వెలగడం మాకు మామూలే. రాత్రంతా చలిలో నిలబడిన టైరులో గాలి ఒత్తిడి తగ్గుతుంది. కొంత దూరం పోయి టైరు వేడెక్కితే లైటు దానంతటదే ఆరిపోతుంది. అయినా నేను దిగి గాలి కొలిచే గేజీ పెట్టి చూసుకుంటాను.

పోయిన చలికాలంలో ఒకనాడు పొద్దెక్కినా మంచు విడవలేదు. పుంగనూరు దాటాక లైటు వెలిగింది. ముందు ఎడమ చక్రం. దిగి గేజీ పెట్టాను. గాలి సరిగ్గానే ఉంది. బండెక్కేసరికి లైటు ఆరిపోయింది.

పెద్దపంజాణి వైపు చీలే దారి దగ్గరికొచ్చేసరికి మళ్లీ వెలిగింది. ఈసారి పక్కనున్న అంకె తగ్గుతూ పోతోంది. ముందు టైరు పగిలితే స్టీరింగు మన చేతిలో ఉండదు. ఒక కల్వర్టు దాటగానే బండి పక్కకు తీసి ఆపాను. గేజీ పెడితే గాలి నిండుగా ఉంది. ఎక్కడైనా సన్నగా కారుతోందేమోనని ఇంజను ఆపి, టైరు దగ్గర చెవి పెట్టి విన్నాను.

గాలి కారుతున్న చప్పుడు లేదు. మనిషి మూలుగు వినిపించింది.

కల్వర్టు కింద, రోడ్డు మీదికి కనబడని చోట, స్కూటరు పడి ఉంది. దాని కింద కాలు ఇరుక్కుని ఒకామె. ఒళ్లంతా మంచుకు తడిసిపోయింది. చీర మీద నెత్తురు గడ్డకట్టి ఉంది. నన్ను చూసి ఏడవలేదు.

"బండి తియ్యప్పా ముందు," అంది నెమ్మదిగా. "కాలు ఇరిగిండాది. నన్ను లాగొద్దు."

స్కూటరు ఎత్తి పక్కన పెట్టాను. నా దుప్పటి తెచ్చి కప్పి, అంబులెన్సుకు ఫోన్ చేశాను. అప్పుడు ఆమె అడిగింది.

"ఇంకొకాయన్ని గూడా పిలువప్పా. మోసేదానికి ఇద్దురుంటే మేలు."

"ఎవురమ్మా ఇంకొకాయన?"

"నీ తోడు వచ్చినాయన. ఇంతసేపూ పైన టైర్లు కొడతా ఉండె కదా."

"నేనొక్కణ్ణే వచ్చింది."

ఆమె కళ్లు మూసుకుంది. నొప్పిలో ఏదో అంటోందనుకున్నాను.

ఆమె పేరు రెడ్డెమ్మ. పుంగనూరులో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు. పొద్దుటి డ్యూటీకని చీకటి ఉండగానే బయలుదేరి, మంచులో కల్వర్టు అంచు కనబడక కింద పడింది. అంబులెన్సు వెంట నేనూ ఆసుపత్రికి పోయాను. ఇంకొంచెం ఆలస్యమైతే బతికేది కాదని డాక్టరు ఆమె భర్తతో అంటుంటే నేను పక్కనే ఉన్నాను.

కొన్నాళ్లకు ఆమెను చూడటానికి పోయాను. జ్వరం లేదు, మాట స్పష్టంగా ఉంది. అడగకుండానే చెప్పింది.

"బండ్లు పోతానే ఉండాయప్పా. అరిసినా ఎవురికీ ఇనపడలా. నిద్రొస్తా ఉండాది. నిద్రపోతే లేయనని తెలుసు నాకు. అప్పుడు పైన ఎవురో రాడ్డు తీసుకొని టైర్లు కొట్టబట్టినారు. ఒకటైనాక ఒకటి, నిదానంగా. దెబ్బ పడినప్పుడంతా కండ్లు తెరిసినా. నువ్వు దిగొచ్చిందాకా కొడతానే ఉన్నారు."

గాలి చూడటానికి కొందరు డ్రైవర్లు రాడ్డుతో టైర్లు కొట్టి చూస్తారు, నిజమే. నేను కొట్టను. నా బండిలో రాడ్డు కూడా లేదు. నాకంటే ముందు అక్కడ ఇంకో లారీ ఆగి ఉండొచ్చని అన్నాను.

"ఆగి ఉంటే ఎల్లిపోయిన సప్పుడు ఇనపడాల గదప్పా," అంది.



ఆ వారమే మదనపల్లెలో షెడ్డుకు పోయి, ఆ రోజు లైటు ఊరికే వెలిగిందని చెప్పాను. మెకానిక్ ముందు ఎడమ టైరు విప్పి చూశాడు.

"దీంట్లో సెన్సారే లేదన్నా. ఆ ముందు దినమే, నువ్వు ఊర్లో లేనప్పుడు రిమ్ము మార్సినారు. పాత రిమ్ముతోనే అదీ పాయె. స్క్రీను మీద ఈ సక్రం కాడ ఏమీ రాకూడదే."

పక్కన పోయే బండి సిగ్నల్ ఏదైనా తగిలిందేమో అని అతనే అన్నాడు. ఉండొచ్చు. కానీ నేను ఆగిన రెండుసార్లూ రోడ్డు మీద నా బండి తప్ప ఇంకోటి లేదు. ఆ తర్వాత ఆ చక్రం దగ్గర అంకె కనబడలేదు, లైటూ వెలగలేదు.

సెన్సారు లేని టైరు గాలి తగ్గిందని ఎలా చెప్పిందో, ఆమె విన్న దెబ్బలు ఎవరివో, ఈ రోజుకీ నాకు తెలియదు.

ఎండలు మొదలయ్యాక రెడ్డెమ్మ, ఆమె భర్త నేను లోడు వేసుకునే చోటు వెతుక్కుంటూ వచ్చారు. ఆమె కర్ర పట్టుకొని నడుస్తోంది. సంచిలోంచి రెండు స్వీటు డబ్బాలు తీసి నా చేతిలో పెట్టింది.

"ఒకటి నీకు," అంది. రెండోదానికి క్యాబిన్‌లో ఖాళీగా ఉన్న పక్క సీటు చూపించింది. 

ఆ డబ్బా అక్కడే పెట్టుకొని కుప్పం దాకా పోయాను. దారి పొడవునా దాన్ని తెరవాలనిపించలేదు.