దబ్బనానికి జడిసి వేయించుకున్న సూది

నాకు నలభై నాలుగేళ్లు వచ్చేదాకా చదువు రాదు. సంతకం పెట్టమన్న ప్రతిచోటా వేలిముద్ర వేశాను. పైన ఏం రాసి ఉందో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. చదువు వచ్చాక మాత్రం ఏ కాగితమైనా మొదటినుంచి చివరిదాకా చదివితేనే సంతకం పెడతానని మొండికేశాను. ఊళ్లో నన్ను చాదస్తుడంటారు. అననీ.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. కోడూరు దగ్గర మా ఊళ్లో గ్రంథాలయం అరుగు మీద అలాంటి కాగితమొకటి నా ముందుకు వచ్చింది. రిటైరైన మాస్టారు రాసిన అర్జీ అది. సోమవారం బందరు వెళ్లి కలెక్టరుగారికి ఇవ్వాలన్నది ఆయన ఆలోచన. ఊరి పెద్దలు అప్పటికే పదిమంది దాకా సంతకాలు చేశారు.

ఆ అర్జీ ఎందుకు పుట్టిందో నాకు తెలుసు. మా వీధిలో ముప్పై ఏళ్ల మనిషి ఒకడున్నాడు, నాకు అల్లుడి వరస. అవనిగడ్డలో జిమ్ముకు వెళ్లేవాడు. కండలు త్వరగా రావాలని స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పొడిపించుకున్నాడు. కండలు వచ్చాయి. వాటి వెనకే పిరుదు మీద కోడిగుడ్డంత గడ్డ లేచింది. వారం రోజులుగా జ్వరంతో బోర్లా పడుకుని ఉన్నాడు. ఆ పొద్దున్నే వాడి పెళ్లాం మా ఇంటికి వచ్చి ఏడ్చింది.

"ఆసుపత్రికి రానంటున్నాడు బాబాయిగారూ. అక్కడ పేరు రాసుకుని పోలీసులకిస్తారంట. పైగా మాస్టారుగారు అర్జీ పంపుతున్నారంట కదా, వాడినోళ్లని జైల్లో పెట్టమని. చచ్చినా ఇక్కడే చస్తానంటున్నాడు."

అరుగు మీద కూర్చుని అర్జీ చదివాను. నేను నెమ్మదిగా చదువుతాను. పక్కవాళ్లు ఆవలింతలు తీశారు. మొదటి వాక్యంలో, డాక్టరు చీటీ లేకుండా ఈ మందులు అమ్మే షాపుల్ని పట్టుకోవాలని ఉంది. బాగుంది. రెండో వాక్యంలో, జిమ్ములను తనిఖీ చేయాలని ఉంది. అదీ బాగుంది. మూడో వాక్యంలో, వైద్య అవసరం లేకుండా ఈ మందులు వాడిన పెద్దవాళ్ల మీద కూడా నేరం మోపి జైలుశిక్ష వేసేలా చట్టం తేవాలని ఉంది.

"మాస్టారూ, ఈ మూడో వాక్యం కొట్టెయ్యండి. అప్పుడు పెడతా సంతకం."

మాస్టారు కళ్లజోడు తీశారు. "ఏమయ్యా, నువ్వు నాకు పేపర్లు దిద్దుతున్నావా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మాస్టారు చెడ్డమనిషి కాదు. ఆయన దగ్గర చదువుకున్న ఒకతను ఉయ్యూరులో ఇవే మందులు వాడి కిడ్నీలు పోగొట్టుకున్నాడు. ఆయన వెళ్లి చూసి వచ్చారు. ఆ కడుపుమంటే ఆ మూడో వాక్యం.

"భయం ఉండాలయ్యా," అన్నారాయన. "భయం లేకపోతే ఎవడాగుతాడు? వాడి ఒళ్లు వాడిష్టం అంటే కుదరదు. రేపు వాడు పోతే పెళ్లాం, పిల్లలు ఎవరి గుమ్మం ముందు కూర్చుంటారు?"

"నిజమేనండీ. కానీ నేను ఆ సూది వేయించుకుంది భయానికేనండీ."

వెనకనుంచి ఎవరో అన్నారు, "బాబాయ్‌కి కండలంట్రా! ఎక్కడున్నాయో వెతకండెహె!"

పన్నెండేళ్లు ఎవరికీ చెప్పని సంగతి ఆ రోజు చెప్పాను.

డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత నేను గుడివాడ వెళ్లి రైసుమిల్లులో బస్తాలు మోసే ముఠాలో చేరాను. వంద కిలోల బియ్యం బస్తా వీపున పెట్టుకుని, వాలుగా వేసిన చెక్కబల్ల మీదుగా లారీ ఎక్కాలి. బల్ల ఊగుతుంది. కాలు తడబడితే నడుం పోతుంది. మా ముఠాకు ఒక పద్ధతి ఉండేది. వయసు మీదపడి బల్ల ఎక్కలేని మనిషికి ఆ మాట నోటితో చెప్పరు. ఒక పొద్దున పనికి వచ్చేసరికి, అతను రోజూ అన్నం క్యారేజీ పెట్టుకునే చోట ఒక దబ్బనం, పురికొస ఉండ పెట్టి ఉంటాయి. అంటే ఆ రోజు నుంచి అతను మోయడు, కూర్చుని బస్తాల మూతులు కుడతాడు. వాటాలో తేడా ఉండదు. పెట్టేది మేస్త్రీ. అతను ఆ విషయం ఎత్తడు, మేమూ ఎత్తం. ఎవరి మర్యాదా పోకుండా ఎవరో పాతకాలం మనిషి పెట్టిన పద్ధతి అయి ఉంటుంది.

నాకు మాత్రం ఆ దబ్బనమంటే భయం. నలభై దాటాయి. మోకాళ్లు కటకటమంటున్నాయి. రోజూ పొద్దున క్యారేజీ పెట్టే చోటుకి వెళ్లేటప్పుడు, ముందు దూరంనుంచే చూసేవాణ్ణి. ఖాళీగా ఉంటే ఊపిరి పీల్చుకునేవాణ్ణి. మగాణ్ణని చెప్పుకోవడానికి నాకు ఆ వీపు తప్ప ఇంకేమీ లేదనుకున్నాను. చదువు లేదు, పొలం లేదు.

మా ముఠాలోనే నాకన్నా చిన్నవాడొకడు సాయంత్రాలు జిమ్ముకు వెళ్లేవాడు. అతను నన్ను ఒక ఆరెంపీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. సూది, దాంతోపాటు మాత్రలు. "రెండు నెలల్లో ఎద్దువవుతావు" అన్నాడు ఆరెంపీ. "ఎవరికీ చెప్పకు. తెలిస్తే నిన్నూ లోపలేస్తారు, నన్నూ లోపలేస్తారు" అని కూడా అన్నాడు.

ఎద్దునే అయ్యాను, అబద్ధమెందుకు? పాతికేళ్లవాళ్లతో సమానంగా బల్ల ఎక్కాను. నా భుజాలు చూసి మేస్త్రీ "ఏంట్రోయ్, అత్తారింట్లో మేపారా?" అన్నాడు. ఇంట్లో మాత్రం కూరలో ఉప్పు తగ్గిందని కంచం విసిరేశాను. అంతకుముందు ఎప్పుడూ నా ఆడదాని మీద గొంతు లేపని మనిషిని. ఆవిడ మెతుకులు ఏరుకుంటూ, "నువ్వు కాదిది. నీలో ఇంకోడెవడో దూరాడు" అంది.

నాలుగో నెలలో తుంటి దగ్గర సూది పొడిచినచోట చీము పట్టింది. కళ్లు పచ్చబడ్డాయి. ఆవిడే నన్ను పాసింజరు రైలెక్కించి బందరు పెద్దాసుపత్రికి తీసుకొచ్చింది. ఏమైందని అడిగితే బస్తా మీదపడిందన్నాను. గడ్డ కోశారు, కట్టు కట్టారు. కళ్ల పచ్చదనం తగ్గలేదు. ఏమైనా మందులు వాడావా అని రోజూ అడిగారు. రోజూ లేదన్నాను. నాలుగు రోజులు అలా గడిచాయి. ఏ కారణమో తెలియక వాళ్లు తికమకపడుతుంటే, కారణం నా నోట్లో ఉంది. నాకు జైలు కనపడుతోంది.

అయిదో రోజు మధ్యాహ్నం డాక్టరమ్మగారు నా ఆడదాన్ని టీ తెచ్చుకోమని బయటికి పంపి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"చూడయ్యా, కోసింది నేను. బస్తా పడ్డ దెబ్బేదో, సూది పోటేదో నాకు తెలుసు. ఏ మందో తెలియాలి. చెప్తే వైద్యం చేస్తాను. చెప్పకపోయినా చేస్తాను, చీకట్లో తడుముకుంటూ చేస్తాను. నీ ఇష్టం."

"చెప్తే పోలీసులకిస్తారంట కదమ్మా."

"ఎవడు చెప్పాడు? చీటీ లేకుండా అమ్మినవాడిది నేరం. పొడిపించుకున్న నీది తెలివితక్కువ. తెలివితక్కువకి జైలుంటే మా ఇంట్లోనే సగం మందుండరు."

నాకు నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. ఏడుపు వచ్చింది. జేబులో దాచిన మాత్రల అట్ట తీసి ఇచ్చాను. ఆవిడ అది చూసి, అప్పటికే ఇస్తున్న మందుల్లో ఒకటి ఆపించారు. అది అలాగే వాడి ఉంటే లివరు పాడయ్యేదని తర్వాత నర్సమ్మ చెప్పింది. నేను బతికింది ఆ మధ్యాహ్నం. పుట్టినరోజు ఎప్పుడో మా అమ్మకే గుర్తులేదు గానీ, ఆ రోజు మాత్రం నాకు బాగా గుర్తు.

రెండు నెలల తర్వాత మిల్లుకు వెళ్లాను. క్యారేజీ పెట్టే చోట దబ్బనం, పురికొస ఉన్నాయి. చూస్తూ నిలబడ్డాను. మేస్త్రీ పక్కకొచ్చి, ముఠాలో ఎవరూ ఎత్తని మాట ఎత్తాడు.

"పోయినేడే పెడదామనుకున్నా. నువ్వేమో బలిసి కనపడ్డావు. ఆగాను."

"అప్పుడే పెట్టుంటే నాకీ కోతలు తప్పేవి కదరా."

"నీకు నోరుందిగా. కాళ్లు నొప్పిగా ఉన్నాయని ఒక్క ముక్క అన్నావా? పద్ధతి మనకోసం పెట్టింది గానీ, పద్ధతికోసం మనం చావడానికా?"

ఆ రోజునుంచి మూతులు కుట్టాను. కూర్చున్న పని కాబట్టి కళ్లకు తీరిక దొరికింది. అప్పటికి నా ఆడది మా పేటలో వయోజనుల బడికి వెళ్తోంది. మధ్యాహ్నం అన్నం తెచ్చినప్పుడు, బస్తా మీద అచ్చు వేసిన అక్షరాల మీద నా వేలు పెట్టి చెప్పించేది. నేను చదివిన మొదటి మాట "బియ్యం". కంచం విసిరేసిన చేతిని పట్టుకుని ఆవిడ అక్షరాలు దిద్దించింది. నాకు కలిగిన మేళ్లలో దేనికి ముందు దణ్ణం పెట్టాలో ఇప్పటికీ తేలదు.

అరుగు మీద ఇదంతా చెప్పి, మాస్టారుతో అన్నాను, "ఆ రోజు మీ మూడో వాక్యం చట్టమై ఉంటే డాక్టరమ్మ నాకు ఆ మాట ఇవ్వగలిగేది కాదండీ. నేనూ అట్ట తీసేవాణ్ణి కాదు. అమ్మినోణ్ణి పట్టండి, మెడమీద కత్తి పెట్టండి, నేనూ వస్తాను. వేసుకున్నోడికి మాత్రం ఆసుపత్రి తలుపు మూసెయ్యకండి. మా అల్లుడు ఇప్పుడు ఆ తలుపు ఇవతలే పడున్నాడు."

"మరి ఉయ్యూరులో మావాడు? వాడికి ముందే భయం పెట్టి ఉంటే?" అన్నారు మాస్టారు.

"అది నాకు తెలియదండీ. నాకు తెలిసింది నా ఒక్కడి సంగతే."

ఆయన ఎర్రపెన్ను తీశారు. "నాకింకా నమ్మకం కుదర్లేదయ్యా. కానీ నువ్వు బతికుండి ఎదురుగా కూర్చున్నావు. దాన్ని కాదనలేను." అంటూ మూడో వాక్యం అడ్డంగా కొట్టేశారు. అప్పటికే చేసిన సంతకాలు చెల్లవని, మళ్లీ కొత్త కాగితం రాయాలని గొణుక్కున్నారు. ఎర్రగీత ఉన్న ఆ పాత కాగితం నాకివ్వమని అడిగాను.

తిన్నగా అల్లుడి ఇంటికి వెళ్లాను. బోర్లా పడుకున్నవాడి మొహం ముందు కాగితం పెట్టాను.

"చదువు. నీకు చదువొచ్చుగా."

చదివాడు. ఎర్రగీత మీద వేలు పెట్టి, "ఇది ఎవరు కొట్టేశారు మావయ్యా?" అన్నాడు.

"రాసినాయనే. లుంగీ కట్టుకో. బస్సుకి టైమవుతోంది."

సీటు మీద కూర్చోలేక బందరుదాకా కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చాడు. పులిగడ్డ దగ్గర బస్సు కుదుపుకి ఒక ముసలావిడ మీద పడబోయాడు. "ఇంత ఒళ్లేసుకుని నిలబడలేవా నాయనా!" అందావిడ. ఆ బాధలోనూ వాడు నవ్వాడు.

ఆసుపత్రిలో ఈసారి కుర్ర డాక్టరుగారు ఉన్నారు. ఏమైనా వాడావా అని అడిగారు. అల్లుడు నావైపు చూశాడు. తర్వాత మందుల పేర్లు, ఎన్నాళ్లు, ఎన్ని, అన్నీ వరసగా చెప్పాడు. డాక్టరుగారు తలెత్తకుండా రాసుకున్నారు. "ముందే వచ్చుండాల్సింది. ఫర్వాలేదు, తగ్గుతుంది" అన్నారు.

నేను చేతులు జోడించి, చాలా మేలు చేశారండీ అన్నాను.

"నేనింకా ఏం చెయ్యలేదు కదండీ!"

"మీక్కాదండీ. పన్నెండేళ్ల కిందట ఇక్కడొక డాక్టరమ్మగారుండేవారు. ఎక్కడికి బదిలీ అయ్యారో తెలియదు. ఈ దణ్ణం ప్రస్తుతానికి మీ దగ్గరుంచండి."